ముక్కు కొలత

బరంపురంలో ఠాకురాణి పుట్టింటికొచ్చే ఏడు
మా వీధిలో ఎవడి ముఖం వాడికి చాలదు.
ఒకడు పులి, ఒకడు సాధువు,
పట్టు మగ్గం గుంటలోంచి లేచొచ్చిన డిల్లేసు మాత్రం
నా గుమ్మంలో చతికిలబడి
"నాకు ఉగ్రసేన్ బాబు ముఖం సేసిపెట్టు" అన్నాడు.

మా వార్డు కార్పొరేటరు ముఖం.
మొక్కట. ఏం మొక్కంటే చెప్పడు.
వాడింటి కుళాయికి వాళ్ళావిడ
పసుపు రాసి, బొట్టు పెట్టి రెండేళ్ళయింది.
ఆ బొట్టు ఇంకా తడవలేదు.

నలభై ఏళ్ళుగా ముఖాలు చేస్తున్నాను.
రాక్షసుడికి కోరలెన్నో నాకు తెలుసు.
ఓటరు లిస్టులో ఉన్నవాడి ముఖం అనేసరికి
చింతపిక్కల బంక చేతిలోనే ఎండిపోయింది.

త్రినాథ పాఢి మాష్టారు టీ తాగుతూ చెప్పారు:
రెండున్నర వేల ఏళ్ళ కిందట గ్రీకుల ఊళ్ళో
ఇలాంటి జాతరేనట, ద్రాక్షసారా దేవుడిది.
ఊరిని ఆడించేవాడు ముందు వరసలో కూర్చుంటే
వాడి ఎదుటే వాడి వేషం కట్టేవారట.
ఒక ఏడు ముఖాలు చేసేవాళ్ళంతా జడిసి
ఆ ఒక్క ముఖమూ చేయలేదట.
"మరి వేషం?" అన్నాను.
"ముఖం లేకుండానే ఆడారు.
అందరూ పోల్చుకున్నారు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
అంత దూరాన, అంత కిందట,
నా పని చేసేవాళ్ళు నాలాగే పిరికివాళ్ళని తెలిసి
కాస్త ఓదార్పు, బోలెడు సిగ్గు.

తెల్లారి కాగితం నానబెట్టాను.
పోయిన ఎన్నికల కరపత్రాలే, కట్టలు కట్టలు.
ఇరవై నాలుగు గంటల మంచినీళ్ళు
బకెట్లో మెత్తబడి బుగ్గలయ్యాయి, నుదురయ్యాయి.
లోపలివైపు అక్షరాలింకా చదవొచ్చు,
సగం ఒడియా, సగం తెలుగు.
డిల్లేసు ఊపిరి తగిలేది వాటికే.
ముక్కు కొంచెం పెద్దది చేశాను.
కొంచెమే.

ఇక్కడ ఆట ఆపి, ముఖం తీసి, మీతో ఓ మాట.
వాళ్ళ నాటకాల నడుమ అలా చేసేవారట,
గుంపు గుంపంతా ముందుకొచ్చి
నవ్వుతున్నవాళ్ళనే నిలదీసేదట.
ఉగ్రసేన్ బాబు మనిషి దగ్గర
నేను ఐదొందలు తీసుకున్నాను. డిల్లేసూ తీసుకున్నాడు.
మీ సంగతి నేనడగను.
సరే, ముఖం పెట్టుకుంటున్నాను.

ఘటం వెళ్ళిన వెనకాల, అర్ధరాత్రి దాటాక,
డిల్లేసు ఖాళీ బిందెకు రిబ్బను కత్తిరించాడు.
లోపలికి తొంగిచూసి
"గంగమ్మ తల్లీ, టెండరు పిలిసినాం,
ఇంకో నెల ఓర్సుకో" అన్నాడు.
బిందెలోంచి వాడి గొంతే వాడికి జవాబు చెప్పింది.
వీధంతా విరగబడి నవ్వింది.
కుర్చీలో ఉగ్రసేన్ బాబు అందరికన్నా గట్టిగా నవ్వి
లేచొచ్చి వాడి మెళ్ళో నోట్ల దండ వేశాడు.

నా కడుపులో ఏదో జారిపోయింది.
ఈ నవ్వు కూడా ఆయనే గెలుచుకుపోయాడా?

ఆ గ్రీకువాడు ఏమయ్యాడని అడిగాను.
"ఆటకి మొదటి బహుమతి ఇచ్చారు.
కొన్నాళ్ళకే ఆయన్ని మళ్ళీ పదవికి ఎన్నుకున్నారు."
మరెందుకండీ ఆడడం?
మాష్టారు గ్లాసు అడుగున మిగిలిన టీ పారబోసి
ఒడియాలో ఏదో గొణిగారు. నాకు వినపడలేదు.

కుళాయిలో నీళ్ళు రాలేదు. ముందే చెప్పేస్తున్నాను.

కానీ ఆషాఢంలో ట్యాంకుకి శంకుస్థాపన.
ఉగ్రసేన్ బాబు మైకు పట్టుకుని
"మీ బిడ్డగా మాటిస్తున్నాను" అంటుండగా
ఎడమ చెయ్యి దానంతటదే లేచి
ముక్కు తడుముకుంది,
కొలత చూసుకుంటున్నట్టు.

ఎవరూ నవ్వలేదు.
ముందు వరస ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని
ఖాళీ బిందెలు ఒళ్ళోకి లాక్కున్నారు.
ఆయన మాట తెగింది. మళ్ళీ అందుకున్నాడు.
మళ్ళీ చెయ్యి లేచింది.

ఇంటికొచ్చి అటక మీంచి ఆ ముఖం దించాను.
ముక్కు జోలికి పోను, దాని పని అది చేస్తోంది.
వచ్చే యాత్రకి
చెవులు మొదలెట్టాలి.